ప్రమాదం తర్వాత పరిహారం: హక్కుగా రావలసిన సొమ్ము, దాన్ని నిలబెట్టే కాగితాలు

రోడ్డు ప్రమాదంలో గాయపడిన మనిషికీ, ప్రాణం పోయిన మనిషి కుటుంబానికీ నష్టపరిహారం అడిగే హక్కు ఉంది. అది ఎవరో దయతలచి ఇచ్చే సాయం కాదు. తప్పు చేసిన బండి తరఫున తీర్చవలసిన బాకీ. యజమానికి స్తోమత లేకపోయినా బాధితులు నష్టపోకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 146వ సెక్షన్ కింద, రోడ్డెక్కే బళ్లకు థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి చేసింది. పరిహారం తేల్చే పని మామూలు సివిల్ దావాలకు వదలకుండా మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునళ్లకు అప్పగించింది. 1939 నాటి పాత చట్టానికి 1956లో చేసిన సవరణతోనే ఈ ట్రిబ్యునళ్ల ఏర్పాటు మొదలైంది.

ద్రాక్షారామం లాంటి ఊళ్లకు ఈ చట్టంతో తరచూ పని పడుతుంది. కాకినాడ, రామచంద్రపురం, యానాం, కోటిపల్లి వైపు రాకపోకలు ఈ ఊరి మీదుగా సాగుతాయి. డెల్టా రోడ్లకు చాలాచోట్ల ఒక పక్క కాలువ, మరో పక్క వరిచేను. ఎదురుగా బండి వస్తే తప్పుకునే చోటు తక్కువ. ఊడ్పుల కాలంలో కూలీలతో నిండిన ఆటోలు, కోతల కాలంలో ధాన్యం ట్రాక్టర్లు, కార్తికంలోనూ శివరాత్రికీ భీమేశ్వరాలయానికి వచ్చే యాత్రికుల వాహనాలు అన్నీ అవే రోడ్ల మీద నడుస్తాయి. గాయపడేవారిలో జీతం చీటీ గానీ ఆదాయపు పన్ను రిటర్ను గానీ లేని కూలీలు, కౌలురైతులు, కొబ్బరి దింపు కార్మికులు, ఆటో డ్రైవర్లు ఉంటారు. అలాంటివారికి కూడా న్యాయంగా లెక్క కట్టే పద్ధతిని సుప్రీం కోర్టు తీర్పులు ఏర్పరచాయి. అయితే ఆ న్యాయం అందాలంటే కాగితాలు సరిగా ఉండాలి. తొలి రోజుల్లో పుట్టే కాగితాలే చివరిదాకా కేసును మోస్తాయి.

తొలి రోజుల్లో చేయవలసినవి

మొదట ప్రాణం, తర్వాతే కేసు. 108కి ఫోన్ చేసి రామచంద్రపురం ఏరియా ఆస్పత్రికో, దెబ్బలు తీవ్రమైతే కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆస్పత్రికో చేర్చాలి. సాయం చేసినవారిని పోలీసులు సాక్ష్యం పేరుతో వేధించడానికి వీల్లేదు. చట్టంలోని 134ఎ సెక్షన్ వారికి రక్షణ ఇస్తుంది. 2025 మే నెలలో కేంద్రం ప్రకటించిన నగదు రహిత చికిత్స పథకం కింద, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, 1.5 లక్షల రూపాయలకు మించకుండా, గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో డబ్బు కట్టకుండానే చికిత్స పొందవచ్చు.

ఆస్పత్రిలో చేరేటప్పుడు డాక్టరుకు చెప్పే మాట చాలా ముఖ్యం. కంగారులోనో, పోలీసు కేసంటే భయంతోనో కొందరు ‘జారిపడ్డాడు’ అని చెబుతారు. ఆ మాట కేసు షీటులోకి ఎక్కిందంటే, ఏడాది తర్వాత బీమా కంపెనీ లాయరు దాన్నే చూపించి అసలు ప్రమాదమే జరగలేదని వాదిస్తాడు. ఏ బండి గుద్దింది, ఎక్కడ, ఎన్ని గంటలకు అన్నవి తెలిసినంతవరకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆస్పత్రి దీన్ని మెడికో లీగల్ కేసుగా నమోదు చేసి పోలీసులకు కబురు పంపుతుంది.

తర్వాతది ఎఫ్ఐఆర్. 2024 జులై 1 నుంచి నిర్లక్ష్యంగా బండి నడపడం భారతీయ న్యాయ సంహితలోని 281వ సెక్షన్ కింద, దానివల్ల గాయపరచడం 125వ సెక్షన్ కింద, మరణానికి కారణం కావడం 106వ సెక్షన్ కింద నేరాలు. ఫిర్యాదును ఏ పోలీసు స్టేషనులో ఇచ్చినా తీసుకోవాలి. ప్రమాదం తమ పరిధిలోది కాకపోతే జీరో ఎఫ్ఐఆర్ కట్టి సంబంధిత స్టేషనుకు పంపాలి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. ఆస్పత్రిలో మనిషిని కాపాడుకునే హడావుడిలో ఫిర్యాదు ఆలస్యమైతే ఆ ఒక్క కారణంతో క్లెయిము కొట్టేయకూడదని సుప్రీం కోర్టు 2011లో చెప్పింది. అయినా ఆలస్యానికి కారణాన్ని ఫిర్యాదులోనే రాయడం మంచిది.

2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటల్లో ప్రాథమిక ప్రమాద నివేదికను, 90 రోజుల్లో సవివర ప్రమాద నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి. బాధితులకు ఉన్న హక్కులేమిటో తెలిపే ఫారాన్ని కూడా వారికి అందించాలి. ఈ నిబంధనలు తు.చ. తప్పకుండా అమలు కావాలని 2022 డిసెంబరులో సుప్రీం కోర్టు ఆదేశించింది. పోలీసు నివేదికనే ట్రిబ్యునల్ క్లెయిము దరఖాస్తుగా స్వీకరించవచ్చు. అంతమాత్రాన దాని మీదే భారం వేసి కూర్చోకుండా సొంతంగా పిటిషన్ వేసుకోవడమే క్షేమం.

ఒక సంచీలో భద్రపరచవలసిన కాగితాలు ఇవి: ఎఫ్ఐఆర్, ఘటనాస్థలి పంచనామా, రఫ్ స్కెచ్, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ నివేదిక, ఛార్జిషీటు, గాయపడితే గాయాల సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, మందుల బిల్లులు, ఆస్పత్రికి తిరిగిన బండి కిరాయి రసీదులు, చనిపోతే శవపంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. వీటితోపాటు వయసు చూపే ఆధార్ లేదా బడి సర్టిఫికెట్, ఆదాయం చూపే ఏ ఆధారమైనా సరే. ఉపాధి హామీ జాబ్ కార్డు, కౌలు కార్డు, ధాన్యం అమ్మిన రసీదు, బ్యాంకు పాసుపుస్తకం, పని ఇచ్చిన మేస్త్రీ సాక్ష్యం అన్నీ పనికొస్తాయి. గుద్దిన బండి నంబరు తెలిస్తే దాని బీమా ఏ కంపెనీదో, ఎప్పటివరకు ఉందో పరివాహన్ వెబ్‌సైటులో చూడవచ్చు.

ఎవరి మీద, ఎక్కడ

ట్రిబ్యునల్‌లో వేసే పిటిషన్‌ను కోర్టు భాషలో ఎం.వి.ఓ.పి. అంటారు. గాయపడినవారు స్వయంగా, మరణిస్తే చట్టబద్ధ వారసులు వేయాలి. గాయపడినవారు కేసు నడుస్తుండగా వేరే కారణంతో చనిపోయినా ఆ హక్కు వారసులకు చెందుతుంది. డ్రైవరు, యజమాని, బీమా కంపెనీ ప్రతివాదులు. ఆర్టీసీ బస్సు అయితే సాధారణంగా సంస్థే నేరుగా ప్రతివాది అవుతుంది.

ఎక్కడ వేయాలన్న విషయంలో చట్టం బాధితులకు వెసులుబాటు ఇచ్చింది. ప్రమాదం జరిగిన చోట గానీ, బాధితులు నివసించే చోట గానీ, ప్రతివాది ఉండే చోట గానీ వేయవచ్చు. యానాం ఇక్కడికి దగ్గరే అయినా పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోది. ద్రాక్షారామం మనిషిని అక్కడి రోడ్డు మీద పీవై 04 నంబరు బండి గుద్దినా, అతను యానాం కోర్టు చుట్టూ తిరగనక్కర్లేదు. తన ఊరి మీద అధికారం ఉన్న ట్రిబ్యునల్‌కే వెళ్లవచ్చు. ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా ప్రధాన న్యాయస్థానం రాజమహేంద్రవరంలో ఉంది. జిల్లా జడ్జి, అదనపు జిల్లా జడ్జిలే ట్రిబ్యునల్ అధ్యక్షులుగా ఈ కేసులు వింటారు. జిల్లాలు మారినప్పుడు కోర్టుల హద్దులు అదే రోజున మారవు కాబట్టి, తమ మండలం ఏ కోర్టు కిందికి వస్తుందో రామచంద్రపురం కోర్టులోని న్యాయ సేవల కమిటీలో అడిగి తెలుసుకోవచ్చు.

పనిలో ఉండగా ప్రమాదం జరిగితే, ఉదాహరణకు లారీ డ్రైవరో క్లీనరో గాయపడితే, 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కింద కార్మిక శాఖ అధికారి ముందుకు కూడా వెళ్లవచ్చు. ఈ రెండు దారుల్లో ఒకదాన్నే ఎంచుకోవాలి. కోటిపల్లి రేవులో పంటు మీద జరిగే ప్రమాదానికి మోటారు వాహనాల చట్టం వర్తించదు; కాకినాడ–కోటిపల్లి రైలు మార్గంలో రైలు ప్రయాణికులకు జరిగే ప్రమాదాలకు రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ వేరే ఉంది.

గడువు

1994లో చేసిన సవరణ క్లెయిములకు కాలపరిమితి తీసేసింది. 2019 సవరణ దాన్ని మళ్లీ తెచ్చింది: 2022 ఏప్రిల్ 1 తర్వాత జరిగిన ప్రమాదాలకు 6 నెలల్లోపు పిటిషన్ వేయాలి. మంచం మీద ఉన్న మనిషికి ఆరు నెలలు ఇట్టే గడిచిపోతాయి. ఈ నిబంధన చెల్లుబాటును సవాలు చేసిన కేసుల్లో, గడువు దాటిందన్న ఒక్క కారణంతో పిటిషన్లు కొట్టేయవద్దని సుప్రీం కోర్టు 2025 నవంబరులో మధ్యంతర ఆదేశం ఇచ్చింది. మధ్యంతర ఆదేశం తుది తీర్పు కాదు. ఆలస్యమైనవారు ఆశ వదులుకోనక్కర్లేదు, సమయం ఉన్నవారు ఆరు నెలలు దాటనివ్వకూడదు.

మరణించినప్పుడు లెక్క

ఒకే రకం కేసుల్లో ఒక్కో ట్రిబ్యునల్ ఒక్కో మొత్తం ఇస్తున్న పరిస్థితిని సరిదిద్దడానికి సుప్రీం కోర్టు 2009లో ఒక పట్టిక ఇచ్చింది. 2017 అక్టోబరు 31న అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం దాన్ని ఖాయం చేసి మరికొన్ని సూత్రాలు చేర్చింది. లెక్క నాలుగు మెట్లుగా సాగుతుంది. మొదట ఏడాది ఆదాయం. దానికి భవిష్యత్తులో పెరగబోయే ఆదాయం కింద కొంత కలుపుతారు: సొంత పని చేసుకునేవారికి 40 ఏళ్లలోపు అయితే 40 శాతం, 40 నుంచి 50 మధ్య 25 శాతం, 50 నుంచి 60 మధ్య 10 శాతం. పర్మినెంటు ఉద్యోగికి ఇవే వయసుల్లో 50, 30, 15 శాతం. తర్వాత మృతుడు తన కోసం ఖర్చు పెట్టుకునే భాగాన్ని తీసేస్తారు: మీద ఆధారపడినవారు ఇద్దరు ముగ్గురైతే మూడో వంతు, నలుగురి నుంచి ఆరుగురైతే నాలుగో వంతు, పెళ్లికానివారికి సాధారణంగా సగం. మిగిలినదాన్ని వయసును బట్టి గుణిస్తారు. ఈ గుణకం 25 ఏళ్ల వరకు 18, ముప్పై అయిదేళ్లకు 16, నలభై అయిదేళ్లకు 14, అరవై ఏళ్లకు 9, అరవై అయిదు దాటితే 5.

ఉదాహరణకు 35 ఏళ్ల వ్యవసాయ కూలీ చనిపోయాడనుకుందాం. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతని మీద ఆధారపడినవారు. నెలకు 12,000 రూపాయల ఆదాయాన్ని ట్రిబ్యునల్ ఒప్పుకుంటే ఏడాదికి 1,44,000. 40 శాతం కలిపితే 2,01,600. నాలుగో వంతు తీసేస్తే 1,51,200. దాన్ని 16తో గుణిస్తే 24,19,200 రూపాయలు. దీనికి తోడు అంత్యక్రియలకు 15,000, ఆస్తి నష్టం కింద 15,000, ఆత్మీయుణ్ణి కోల్పోయినందుకు 40,000 చొప్పున 2017 తీర్పు నిర్ణయించింది; మూడేళ్లకోసారి ఇవి 10 శాతం పెరుగుతాయి. చివరిదాన్ని భార్యకే కాదు, పిల్లలకూ తల్లిదండ్రులకూ విడివిడిగా ఇవ్వాలని 2018లో మరో తీర్పు వచ్చింది.

రుజువు లేదన్న కారణంతో కూలీ ఆదాయాన్ని సున్నాగా చూడకూడదు. ఆ కాలంలో ఆ ప్రాంతంలో కూలి రేటెంత, ప్రభుత్వ కనీస వేతనమెంత అన్నవి చూసి ట్రిబ్యునల్ అంచనా కట్టాలి. ఇంటి పని చేసే గృహిణికీ ఆదాయం లెక్కగట్టాలనీ, దానికి భవిష్యత్తు పెరుగుదల కూడా కలపాలనీ 2021 జనవరిలో సుప్రీం కోర్టు స్పష్టం చేసింది. అడిగినదానికంటే న్యాయమైన మొత్తం ఎక్కువని తేలితే ఎక్కువే ఇవ్వవచ్చు.

గాయపడి బతికినప్పుడు లెక్క

బతికినవారికి వైద్యం ఖర్చు, దారి ఖర్చు, తోడున్నవారి ఖర్చు, పని మానిన రోజుల ఆదాయం, ముందు ముందు చేయించుకోవలసిన చికిత్స, బాధకూ కోల్పోయిన సుఖానికీ కొంత మొత్తం ఇస్తారు. శాశ్వత వైకల్యం ఉంటే ముందటి గుణకం పద్ధతిలోనే ఆదాయ నష్టం కడతారు. సొంత ఖర్చుల కోత మాత్రం ఉండదు.

ఇక్కడే ఎక్కువమంది నష్టపోతారు. మెడికల్ బోర్డు ‘కాలికి 40 శాతం వైకల్యం’ అని రాస్తే ఆదాయ నష్టం కూడా 40 శాతమే అనుకుంటారు. అది నిజం కాదని 2010లో సుప్రీం కోర్టు వివరించింది. చూడవలసింది ఆ వైకల్యం ఆ మనిషి పనిని ఎంత దెబ్బతీసిందన్నది. మోకాలు వంగని గుమాస్తా కుర్చీలో కూర్చుని పని చేసుకోగలడు. అదే మోకాలితో కొబ్బరి దింపు కార్మికుడు చెట్టెక్కలేడు, ఊడ్పు కూలీ బురదలో వంగలేదు. వాళ్ల నష్టం నూరు శాతం దాకా ఉండవచ్చు. అందుకే వైకల్య ధ్రువపత్రం దాఖలు చేసి ఊరుకోకుండా, వైద్యం చేసిన డాక్టరును సాక్షిగా పిలిపించి, ఈ మనిషి తన పాత పని చేయగలడా లేదా అని చెప్పించాలి.

బీమా కంపెనీ వాదించే చోట్లు

తప్పు డ్రైవరుదే అని చూపడానికి క్రిమినల్ కోర్టులో కావలసినంత గట్టి రుజువు ట్రిబ్యునల్‌లో అక్కర్లేదు; జరగడానికి ఎక్కువ అవకాశం ఉన్నదేమిటో తేలితే చాలు. క్రిమినల్ కేసులో డ్రైవరు నిర్దోషిగా బయటపడినా పరిహారం కేసు నిలుస్తుంది. బాధితుడి తప్పు కూడా ఉందని తేలితే ఆ మేరకు కోత పడుతుంది. బండి మీద ముగ్గురు ఎక్కారన్న ఒక్క కారణం చాలదనీ, దానివల్లే ప్రమాదం జరిగిందని చూపాలనీ 2020లో సుప్రీం కోర్టు చెప్పింది.

డ్రైవరుకు లైసెన్సు లేకపోయినా, చెల్లకపోయినా, గుద్దించుకున్నవారి తప్పేమీ కాదు. 2004 నాటి తీర్పు తర్వాత ఇలాంటి కేసుల్లో కంపెనీ ముందు బాధితులకు చెల్లించి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవాలని ట్రిబ్యునళ్లు ఆదేశిస్తూ వచ్చాయి. కారు లాంటి తేలికపాటి వాహనాల లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్నీ నడపవచ్చని 2024 నవంబరు 6న రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. దీంతో ఆటోలు, చిన్న ట్రాలీ బళ్ల కేసుల్లో కంపెనీలు ఎత్తే పెద్ద అభ్యంతరం ఒకటి తొలగిపోయింది.

డెల్టా పల్లెలు జాగ్రత్త పడవలసిన చోటు మరొకటుంది. ట్రాక్టరు ట్రాలీలోనూ, సరుకుల బండి మీదా ఎక్కి వెళ్లే కూలీలను చట్టం బీమా వర్తించే ప్రయాణికులుగా చూడదు. తన ధాన్యం బస్తాలతో పాటు వెళ్లే రైతుకు, లేదా అతని తరఫు మనిషికి, రక్షణ ఉంది. ఊరికే ఎక్కినవారికి లేదు. వాళ్లకు జరిగిన నష్టానికి యజమాని ఒక్కడే బాధ్యుడవుతాడు, అతని దగ్గర వసూలు కావడం కష్టం. కొన్ని కేసుల్లో ముందు చెల్లించమని కోర్టులు కంపెనీలను ఆదేశించాయి గానీ దాన్ని నమ్ముకోలేం. బైకు వెనక కూర్చున్నవారికీ బండికి చవకైన థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే అదే చిక్కు వస్తుంది. యజమానులు ప్యాకేజీ పాలసీ తీసుకుంటే ఇంటివాళ్లకూ తోటివాళ్లకూ రక్షణ ఉంటుంది. ఇక తన తప్పుతో తానే పడిపోయిన యజమాని థర్డ్ పార్టీ కాడు. అతనికి పనికొచ్చేది 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా.

తప్పు రుజువు చేయలేనప్పుడు, బండి ఏదో తెలియనప్పుడు

ఎవరి తప్పో చూపనక్కర్లేకుండా మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు పొందే మార్గాన్ని 164వ సెక్షన్ చూపిస్తుంది. దీన్ని స్వీకరిస్తే పూర్తి పరిహారం కోసం వేసిన పిటిషన్ ముగిసిపోతుంది కాబట్టి, ఆదాయం, వయసు, నష్టం లెక్క చూసుకున్నాకే ఒప్పుకోవాలి.

గుద్దిన బండి ఆగకుండా పారిపోయి, ఏదో తెలియకపోతే 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న హిట్ అండ్ రన్ పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు ఇస్తారు. అంతకుముందు ఇవి 25,000, 12,500 మాత్రమే. దీనికి కోర్టుతో పనిలేదు. రెవెన్యూ అధికారి విచారించి పంపితే కలెక్టరు మంజూరు చేస్తారు. ఈ పథకం గురించి చాలామందికి తెలియడం లేదని గమనించిన సుప్రీం కోర్టు, బాధితులకు పోలీసులే దీన్ని తెలియజేయాలని 2024 జనవరిలో ఆదేశించింది. తర్వాత బండి దొరికి పూర్తి పరిహారం వస్తే ఈ మొత్తాన్ని తిరిగి సర్దుబాటు చేస్తారు.

లాయరు, రాజీ, లోక్ అదాలత్

మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. మండల న్యాయ సేవల కమిటీకి అర్జీ పెడితే లాయరును నియమిస్తారు. 15100 నంబరుకు ఫోన్ చేసి సలహా అడగవచ్చు. ‘వచ్చినదాంట్లో ఇంత శాతం’ అని ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. ఆస్పత్రి మంచం దగ్గరికే వచ్చి ఖాళీ కాగితాల మీద వేలిముద్రలు అడిగే మధ్యవర్తులను దగ్గరికి రానివ్వకూడదు.

బీమా కంపెనీ అధికారి కేసు మొదట్లోనే ఒక మొత్తం ఇవ్వజూపవచ్చు. ఒప్పుకుంటే ట్రిబ్యునల్ దాన్ని రికార్డు చేస్తుంది, 30 రోజుల్లో డబ్బు కట్టాలి. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కేసు త్వరగా ముగుస్తుంది; ఆ అవార్డు మీద అప్పీలు మాత్రం ఉండదు. పై లెక్క వేసుకుని, రాగల మొత్తంతో పోల్చి చూశాకే సంతకం చేయాలి.

తీర్పు, తర్వాత

తీర్పు వచ్చాక 30 రోజుల్లో సొమ్ము జమ చేయాలి. పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ వస్తుంది. సాధారణంగా 6 నుంచి 9 శాతం మధ్య ఇస్తున్నారు. మైనర్ల వాటాను వాళ్లకు 18 ఏళ్లు నిండేదాకా బ్యాంకు డిపాజిట్‌లో ఉంచుతారు. మొత్తం తక్కువనిపిస్తే 90 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు చేయవచ్చు. వివాదంలో ఉన్నది లక్ష రూపాయల లోపైతే అప్పీలు లేదు. బీమా కంపెనీ గానీ యజమాని గానీ అప్పీలు చేయాలంటే 25,000 రూపాయలు లేదా అవార్డులో సగం, ఏది తక్కువైతే అది ముందు కట్టాలి. బీమా లేని బండి యజమాని డబ్బు కట్టకపోతే ట్రిబ్యునల్ కలెక్టరుకు సర్టిఫికెట్ పంపుతుంది. భూమి శిస్తు బకాయిలాగే ఆ సొమ్మును అతని ఆస్తి నుంచి వసూలు చేసి బాధితులకు ఇప్పిస్తారు.